ట్రిప్ కావలసిన సాకెట్

ఉదయం 8.40కి మెకానిక్ కుప్పకూలాడు. రిపేరుకు వచ్చిన ఇంటి గ్యారేజీలో, ఫ్రిజ్ ముందు, తడినేల మీద. ప్రాణం అక్కడే పోయింది.

10.15కి లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఇంటి యజమాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"హార్ట్ ఎటాక్ మేడమ్. షాక్ కొట్టే వీలే లేదు. పోయిన వారం అతనే సేఫ్టీ సాకెట్ బిగించాడు. అదిగో, చూడండి."

సాకెట్ ఉంది. కరెంటు పిసరంత దారి తప్పినా తక్షణం ట్రిప్ అయి ఆగిపోయే రకం. రిపోర్టులో ఎస్సై అప్పుడే 'గుండెపోటు' అని రాసేశాడు. ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక్కటే మిగిలింది.

గుమ్మంలో మెకానిక్ భార్య. భర్తతో సమానంగా రిపేర్లు చేసిన మనిషి. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నిప్పులున్నాయి.

"సంతకం పెట్టకండి మేడమ్. లోపల ఐసు కరిగించే హీటర్ పాడై ఫ్రిజ్ బాడీకంతా కరెంటు పాకుతోంది. కొత్తది తెచ్చేదాకా ఆన్ చెయ్యొద్దని మా ఆయన ఈయనకు నా ముందే చెప్పాడు. ఇవాళ అది పట్టుకునే వచ్చాడు."

"నేనూ ఆన్ చెయ్యలేదమ్మా! వారం నుంచి ఆఫ్‌లోనే ఉంది."

"వారం నుంచా?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఒక్క నిమిషం కూడా వెయ్యలేదు మేడమ్."

ప్లగ్ ఊడదీసి ఉందని చూసుకుని, ఇన్‌స్పెక్టర్ ఫ్రీజర్ తెరిచింది. ట్రేలో ఐసు రాయిలా ఉంది.

"మరి దీన్నెవరు గడ్డకట్టించారు?"

యజమాని సాకెట్ వైపు వేలు చూపాడు. "అదీ... రాత్రి వేశాను. ఈ సాకెట్ మీదే!"

"ఏమ్మా, పెట్టి చూడు."

మెకానిక్ భార్య ప్లగ్ పెట్టింది. టక్. రీసెట్ నొక్కింది. టక్. మళ్లీ నొక్కింది. టక్.

"క్షణం నిలవని సాకెట్ మీద ఐసు కట్టిందా?" ఇన్‌స్పెక్టర్ గొంతు కరకుగా మారింది. "మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పీకేసి, మామూలు సాకెట్ పెట్టుకున్నారు. తాను బిగించిందే వెనక ఉందన్న నమ్మకంతో అతను ఫ్రిజ్ పిడి పట్టుకున్నాడు. మనిషి పడిపోయింది 8.40కి. మీ ఫోన్ వచ్చింది 9.35కి. ఆ యాభై అయిదు నిమిషాలూ మీ చేతిలో ఉన్నది ఫోన్ కాదు, దీన్ని మళ్లీ బిగించే స్క్రూడ్రైవర్!"

"చచ్చిపోతాడనుకోలేదు మేడమ్..."

మెకానిక్ భార్య ప్లగ్ లాగి పట్టుకుంది.

"ఆ గోడకు మామూలు సాకెట్ ఉంది. అందులో పెడతాను. ఆయన పట్టుకున్న పిడే మీరూ పట్టుకోండి సార్. షాక్ కొట్టే వీలే లేదన్నారుగా!"

యజమాని రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

ఒక్క క్షణం ఇన్‌స్పెక్టర్‌కూ ఆమెను ఆపాలనిపించలేదు. ఆ తరువాత ప్లగ్ అందుకుని పక్కన పెట్టింది. వెనకనున్న ఆ చేతులకు అలాగే సంకెళ్లు బిగించింది.

"వద్దమ్మా. అలాగైతే క్షణంలో అయిపోతుంది. వీడికి ఏళ్లు పట్టాలి."