రెండు సంచులు

దొర్నిపాడు పెళ్లిలో చావుపాట మోగడానికి కారణం బాలు కాదంట, వాని పెళ్లామంట. ఆ యమ్మి కాలు పెట్టినప్పట్నుంచే దేవరాజు మైక్ సెట్టుకు శని పట్టిందంట. పక్కింటి శివమ్మ కొళాయి కాడ ఇట్లా అన్నదని, పాల హన్నమ్మ చెంబులోకి పాలు కొలుస్తూ పద్మమ్మ చెవిన వేసింది. "నా పేరు చెప్పొద్దక్కా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పోయింది.

పద్మమ్మ పాలచెంబు పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడింది. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోవడం లేదు. అరుచుకోవడమూ లేదు. అరుచుకున్నా కొంత నయంగా ఉండేదని ఆమెకు అనిపిస్తోంది. లోపల కోడలు రజిని ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతోంది. పది గంటల బస్సుకు కొడుకూ కోడలూ ఆళ్లగడ్డ విడిచి నంద్యాల వెళ్లిపోతున్నారు. అక్కడ టీవీలు, డిస్క్ ప్లేయర్లు అమ్మే అంగట్లో బాలుకు పని దొరికింది. గది కూడా చూసుకున్నాడు. ఆటో మాట్లాడుకొస్తానని అప్పుడే బజారుకు పోయాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో దేవరాజు మైక్ సెట్టుది పాతికేళ్ల పేరు. రికార్డులు పోయి క్యాసెట్లు వచ్చినా, క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చినా ఒక పద్ధతి మాత్రం ఆయన మార్చలేదు. పెళ్లిపాటలకు పసుపుగుడ్డ సంచి. చావింట్లో వేసే తత్త్వాలకు నల్లసంచి. పసుపుసంచి ఇంట్లో దేవుని గూటి పక్కన ఉంటుంది. నల్లసంచి గడప దాటి లోపలికి రాదు, కొట్టంలో మేకుకు వేలాడుతుంది. చావింటికి పోయొచ్చిన సెట్టు మీద పసుపునీళ్లు చిలకరించాకే లోపలికి తెచ్చేవాడు. ఈ పట్టింపు చూసే పెళ్లివాళ్లు వేరే సెట్టు జోలికి పోకుండా ఆయన్నే పిలిచేవాళ్లు.

పోయినేడు బాలు ఒక ప్లేయరు తెచ్చాడు. నంద్యాలలో ఒక డాక్టరు మోజుపడి హైదరాబాదు నుంచి తెప్పించుకుని, ఇంకా పెద్దది కొన్నాక అమ్మేసిన ప్లేయరు అది. నల్లగా, నాపరాయంత బరువుగా ఉంది. వెనకవైపు టీవీకి బొమ్మ పంపేదొకటి, వెలుతురుతో శబ్దం పంపేదొకటి, ఇంకా పేర్లు తెలియనివి ఎన్నో సందులు. ఆళ్లగడ్డలో వాటికి తగిలించే వస్తువు ఒక్కరింట్లోనూ లేదు. దేవరాజుకు మాత్రం దాని డిస్కుపళ్లెం తెగ నచ్చింది. బొత్తాం నొక్కితే తాంబూలం అందించినంత మర్యాదగా బయటికి వచ్చేది. నచ్చనిదల్లా ముందువైపు ఉన్న యూఎస్‌బీ సందు. మొదటి రోజే దాని మీద మందులంగట్లో దొరికే ప్లాస్టరు అతికించాడు.

"ఏంది నాయనా, దానికేమన్నా గాయమైందా?" అని బాలు నవ్వాడు.

"లోపలికి దుమ్ము పోతాదిరా."

"పాటలు పోయే తావు నాయనా అది. బొటనేలంత పెన్‌డ్రైవ్‌లో రెండొందల పాటలు పడతాయి. డిస్కులు మోసే పనే లేదు."

"పట్టనీ. మరి దానికి సంచి యాడరా?"

బాలు ఇంకా గట్టిగా నవ్వాడు. పెళ్లిళ్లకు పోయినప్పుడు ఆ ప్లాస్టరు ఊడదీసి పెన్‌డ్రైవ్ పెట్టేవాడు. ఇంటికి రాగానే దేవరాజు కొత్త ప్లాస్టరు వేసేవాడు. ఏడాదంతా తండ్రీకొడుకుల మధ్య ఈ యుద్ధం మాటల్లేకుండానే సాగింది.

మూడు వారాల కిందట దొర్నిపాడులో ఆంజనేయులు కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి ముత్తైదువలు నలుగు పెడుతున్నారు. గాలికి హారన్ వైరు తెగితే బాలు వేపచెట్టెక్కి ముడేస్తున్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చిన పెళ్లిపాటలు ఒక్కొక్కటే అయిపోయాయి. ఆ వెనకే హార్మోనియం మొదలైంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తాళం అందుకోగానే ముసలివాళ్లు తలలెత్తారు. శవాన్ని లేపే ముందు పాడే తత్త్వం అది. మేనత్త చేతిలో నలుగుపిండి చేతిలోనే ఉండిపోయింది. పెళ్లికూతురు పీట మీదే ఏడ్చేసింది. బాలు చెట్టు దిగి పరుగెత్తుకొచ్చేలోపు ఒక చరణం అయిపోయింది.

ఆంజనేయులు కొట్టలేదు, తిట్టలేదు. "హారన్లు దించుకోని పోండప్పా" అన్నాడు, అంతే. పందిట్లో కూర్చుని ఉన్న దేవరాజు మాత్రం లేచొచ్చి, అంతమంది ముందర కొడుకు చెంప పగలగొట్టాడు. పెళ్లయి రెండేళ్లయిన కొడుకు. అప్పట్నుంచి "సెట్టు మీద చెయ్యి పెట్టొద్దు" అన్న ఒక్క మాట తప్ప కొడుకుతో ఆయన ఏమీ మాట్లాడలేదు.

"ఉగ్గాని చల్లారిపోతాంది" అని పద్మమ్మ పలహారం తట్ట తెచ్చి భర్త ముందు పెట్టింది. దేవరాజు వసారాలో ప్లేయరు పక్కన కూర్చుని ఉన్నాడు. బట్టతో దాన్ని తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"బిడ్డలు పోతాండారు. ఒగ మాటన్నా చెప్పవా?"

"పోయేటోళ్లకు మాటలెందుకు?"

"పోయేటోళ్లు కాదు, నువ్వు పంపిస్తాండేటోళ్లు. నీకు డెబ్బై ఏండ్లొస్తాండాయి. రేపట్నుంచి హారన్ ఎవరు కడతారు? నువ్వు చెట్టెక్కుతావా?"

"సెట్టు అమ్మేస్తా."

"నిన్నీ ఇంట్లో ఊకె కూచోబెట్టి చూసే ఓపిక నాకు లేదు."

లోపలి నుంచి పెట్టె మూత వేసిన చప్పుడైంది. రజిని బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. హన్నమ్మ మాటలు ఆమె విననే విన్నది.

"అత్తా, శివమ్మక్క అన్నది నాకూ వినపడింది. ఆమెననేదేముంది? ఈ ఇంట్లోనే అంటిరి గదా. ఆ పెన్‌డ్రైవ్ ఎర్రమూత కనపడకపోతే, నువ్వే పారేసింటావని నన్నంటిరి. చావుపాటలు అండ్లోకి ఎట్లొచ్చినాయో తెలీకపోతే, కోడలు ఏమన్నా ముట్టిందేమోనని అంటిరి. ఎవురన్నారో పేరు చెప్పల్నా మామా?"

దేవరాజు బట్ట మడిచాడు. మళ్లీ విప్పాడు.

"నాకు కంప్యూటరే తెలీదు. టీవీ రిమోటు పట్టుకునేదానికే జంకుతా. మూడు వారాల్నుంచి మీ కొడుకు రాత్రుళ్లు నిద్దరపోడు, పగలు అన్నం తినడు. అడిగితే, 'ఆ నంద్యాల అంగడోడు తప్పు చేసింటాడులే' అంటాడు. ఆ అంగడోణ్ణి నేను పోయి అడిగొచ్చినా. దేవుని మీద ప్రమాణం చేసినాడు. పెళ్లిపాటలు తప్ప ఏం వెయ్యలేదంట. ముందునుంచి అండ్లో ఏముందో అది మాకు తెలీదన్నాడు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అంది పద్మమ్మ.

"నేనీ ఊరు ఇడిసిపోయేది ఆ మాట మోసుకోని. అందుకు."

అప్పుడే వాకిట్లో సైకిల్ ఆగింది. "దేవరాజన్నా!" అంటూ హుస్సేన్ పీరా లోపలికి వచ్చాడు. బజారులో ఒకప్పుడు క్యాసెట్లు రికార్డు చేసిచ్చే అంగడి ఆయనది, ఇప్పుడు కంప్యూటరుతో పాటలెక్కించే అంగడి. కూతురి కాన్పుకని నెల దినాలు అంగడి మూసి అవుకులో ఉండి, నిన్ననే తిరిగొచ్చాడు. దొర్నిపాడు సంగతి ఆయన చెవిన పడనే లేదు.

"మనవరాలు పుట్టిందన్నా. కలకండ పెట్టిపోదామని వచ్చినా. ఆ, ఇద్దో, నీది కూడా ఒకటి నా దగ్గరుండిపోయింది" అని జేబులోంచి తీసి దేవరాజు అరచేతిలో పెట్టాడు. ఎర్రమూత.

"ఆ పొద్దు చాగలమర్రి చావుకు తత్త్వాలు ఎక్కించుకుంటివే, అప్పుడు బల్లమీద మర్చిపోతివి. ఊరికి పోయే తొందర్లో నేనూ చూసుకోలేదు. ఎట్ల, పాటలు బాగా వచ్చినాయా? నువ్వు చెప్పిన వరసలోనే వేసినా."

హుస్సేన్ పీరా ఒక్కొక్కరి మొహం చూశాడు. కలకండ పొట్లం చేతిలోనే పట్టుకుని, "ఏమైందక్కా?" అన్నాడు పద్మమ్మతో.

రజిని కన్ను ఎర్రమూత మీదే ఉంది. "మామా, నువ్వా?" అంది చిన్నగా.

ఎవరితో చెబుతున్నాడో తెలియనట్టు, దేవరాజు ప్లేయరు వైపు చూస్తూ చెప్పాడు.

"డిస్కుల మీద నేను రాసుకున్న పేర్లు నాకే కనపడ్డం లేదమ్మా. ఏడాదైంది. మంచు కమ్మినట్టుంటాది. ఉగాదికి ముందు ఒగ చావింట్లో ఒకటే డిస్కు నాలుగుసార్లు వేసినా. 'ఏమప్పా, ఒగటే తెచ్చినావా' అని శవం పక్కన కూచున్నోళ్లు అడిగిరి. సిగ్గుతో చచ్చిపోతి. చాగలమర్రి పిలుపొచ్చిన పొద్దు బాలు హారన్ యూనిట్ల కోసం నంద్యాల పోయినాడు. ఒంటిగా పోవల్ల. ఆ పెన్‌డ్రైవ్ దేవుని గూట్లో ఖాళీగా ఉండె. తత్త్వాలన్నీ ఒకేసారి అండ్లో వేయించుకుంటే, చదివే పని తప్పుతాది గదా అనుకుంటి."

"మరి తిరిగొచ్చినాక చెరిపెయ్యొద్దా అన్నా?" అన్నాడు హుస్సేన్ పీరా.

"క్యాసెట్టు మాదిరే అనుకుంటినప్పా. పైన కొత్తది రికార్డు చేస్తే కిందిది పోతాది గదా. బాలు పెళ్లిపాటలు వేయిస్తే నావి పోతాయనుకుంటి. చప్పుడు చేయకుండా గూట్లో పెట్టేస్తి. మూత పోయిందని కూడా చూసుకోలేదు."

పాతికేళ్లు నల్లసంచిని గడప దాటనివ్వని మనిషి. గడప దాటించింది ఆయనే. దేవుని గూట్లో పెట్టిందీ ఆయనే. పద్మమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది.

"పందిట్లో ఆ పాట మొదలైనప్పుడే తెలిసిందా నీకు?" అని అడిగింది.

ఆయన తలూపాడు.

"తెలిసే బిడ్డను కొట్టినావా?"

"భయమేసిందే." ఆయన మళ్లీ ప్లేయరు వైపు తిరిగాడు. "గుడ్డోని సెట్టును ఎవురు పిలుస్తారు..."

బయట ఆటో చప్పుడు ఆగింది. బాలు లోపలికి వచ్చి, "బేగా రా రజినీ, బస్సు టైమైతాంది" అన్నాడు. తర్వాత హుస్సేన్ పీరాను చూశాడు, తండ్రి అరచేతిలో ఎర్రమూతను చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడమే రజినికి సూదిలా గుచ్చుకుంది.

"నీకు ముందే తెల్సా?"

బాలు పెట్టె ఎత్తబోయి ఆగాడు. "నంద్యాల అంగట్లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టి చూసినా. మొదటి తత్త్వం ఏదో, రెండోది ఏదో... ఆ వరస నాయన నల్లసంచిది. పుట్టినప్పట్నుంచి వింటాండా. వేరేవాళ్లు ఎక్కించింటే ఆ వరస రాదు. డిస్కుల మీది పేర్లు కనపడక నాయన తడుముకుంటాండేది గూడా ఏడాదిగా చూస్తాండా."

దేవరాజు లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా వాకిట్లోకి పోయాడు. పక్కింటి గోడ మీద చెయ్యి వేసి, హారన్ అవసరం లేనంత గట్టిగా పిలిచాడు. "శివమ్మా! దొర్నిపాడులో ఆ పాట పెట్టింది నా కోడలు కాదు, నా కొడుకూ కాదు. నేను. కండ్లు కనపడక నేను చేసిన పని. కొళాయి కాడ ఇది గూడా చెప్పు." అవతల బిందె నేలమీద పెట్టిన చప్పుడైంది.

తిరిగొచ్చి ప్లేయరు ముందు కూర్చుని, గోటితో ప్లాస్టరు గీకడం మొదలుపెట్టాడు. అంచు ఎక్కడుందో ఆయనకు దొరకలేదు. రజిని కాసేపు చూసింది. తర్వాత పక్కన కూర్చుని ఒక్క లాగులో దాన్ని ఊడదీసింది. ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. కన్నీళ్లు ప్లేయరు మూత మీద పడితే రజినే కొంగుతో తుడిచింది. "తడి తగిలితే చెడిపోతాది మామా" అంది.

"రెండు పెన్‌డ్రైవ్‌లు తెప్పిస్తా అన్నా. ఒకటి పసుపు, ఒకటి నలుపు" అన్నాడు హుస్సేన్ పీరా. ఎవరో నవ్వాల్సిన మాట. నవ్వేంత ఓపిక ఎవరికీ మిగల్లేదు.

బాలు కాసేపు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి, "నాయనా, నువ్వు గూడా అంగీ మార్చుకో" అన్నాడు. "నంద్యాలలో కండ్ల డాక్టరు దగ్గర చూపిస్తా. పొర తీస్తే కనపడతాది. అమ్మా, ఆ ఉగ్గాని కట్టియ్యి, నాయన తినలేదు."

"పనిలో చేరేది?" అంది పద్మమ్మ ఆశగా.

"అది తర్వాత చూద్దాంలేమ్మా."

రజిని పెట్టె తిరిగి తెరిచి, మామ కోసం ఒక దుప్పటి పైన పెట్టింది. ఆటోవాడు హారను కొట్టాడు. దేవరాజు కొత్త అంగీ వేసుకుని, గుండీలు తడుముకుంటూ బయటికి వచ్చాడు. ఒకటి తప్పు కన్నంలో పడింది. బాలు దగ్గరికి వచ్చి దాన్ని విప్పి సరిగా పెట్టసాగాడు. కొడుకు మొహం అంత దగ్గరగా ఆయన చూసి ఎన్నాళ్లయిందో. ఆ చెంపనే తడిమి చూశాడు.

"అంతమంది ముందర కొడితినే. తెలిసి గూడా ఎందుకు చెప్పలేదురా?"

బాలు చివరి గుండీ పెట్టి చేతులు తీసేశాడు.

"నేను చెప్తే నిన్నందరు గుడ్డోడంటారని ఊరుకుంటి. నువ్వెందుకు ఊరుకుంటివి నాయనా?"