చదివి వినిపించని కాగితం

కోర్టు హెడ్ గుమాస్తాగా పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా, వైకుంఠరావుగారు ప్రతి ఉదయం తొమ్మిదింటికి గడియారానికి కీ ఇచ్చేవారు. ఆనాడు ఇచ్చి కూర్చుని, ఇచ్చానో లేదోనని మళ్లీ లేచారు. లంజిపల్లి ఇంటి వసారాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. కాలు నిలవడం లేదు.

కూతురు కామాక్షి వకీలు నోటీసుతో గుమ్మంలోకి వచ్చింది. మరో పెళ్లి చేసుకున్న భర్త కూర్మారావు, సవతి ఉన్న ఇంటికే తిరిగి రమ్మని పంపిన నోటీసు అది.

"ప్లీడరుగారి దగ్గరకి ఎల్తాను నాన్నగారూ. మొగుడు మళ్లీ పెళ్లాడితే, పెళ్లాం వేరేగా ఉండొచ్చని కిందటేడు సట్టం వచ్చిందట."

"మన ఇంటి సంగతి కచేరీలో చదివిస్తావా? అక్కడ జనం ఎలా నవ్వుతారో ముప్పయ్యేళ్లు చూసినవాణ్ని!"

వంటింట్లోంచి భార్య వరహాలమ్మ అందుకున్నారు. "నవ్వినోళ్లు దీని బదులు ఆ సవతి దగ్గర కాపురం సేస్తారేటండీ? గంజాం జిల్లా మద్రాసు ఒదిలి ఒరిస్సాలో కలిసింది గానీ, మీ పరువు మాత్రం ఉన్నసోటు నుంచి కదల్లేదు!"

కామాక్షి తల వంచుకుంది. "నిన్న కూడా ఎళ్లానండి. సవతితో ఉంటానని నేను సంతకం పెట్టిన ఒప్పుకోలు నకలు ఇందులో ఉందట. దాన్ని నాకు సదివి వినిపించారా అని ప్లీడరుగారు అడిగారు. ఏటి సెప్పను?"

వైకుంఠరావుగారు నకలు అందుకున్నారు. ఇంగ్లీషు తనదే. ఒక్క కామా తప్పలేదని మూడేళ్ల క్రితం మురిసిపోయిన వాక్యాలు. "ఇందులో ఏటుంది నాన్నగారూ?" అని అప్పట్లో కామాక్షి అడిగితే, "నీ మేలే. సంతకం పెట్టు" అన్నారు. అల్లుడు చెప్పినట్టు రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందనుకున్నారు.

కాగితం అడుగున తన సంతకం, దానిపైన ఒక వాక్యం: ఆమె భాషలో చదివి, అర్థం చెప్పడమైనది.

కచేరీలో చదివి వినిపించకుండానే ఆ మాట రాశాడని ఒక అర్జీల గుమాస్తాను మెట్లు దింపించింది తనే.

"అది నిజం కాదని నేనంటే సాలదట," అంది కామాక్షి. "మీరు బోనెక్కి సెప్పాలట. ఆ మాట మిమ్మల్ని ఎలా అడగనని రాత్రంతా..."

ఆయన అడుగులు ఆగాయి. "కూర్చో, అమ్మడూ."

ఒక్కొక్క వాక్యమే తెలుగులో చదివారు. సవతి మాట జవదాటనని, వేరింటి ఊసు ఎత్తనని, పుట్టింటి వైపు చూడనని ఉంది.

"ఇన్ని మాటలకి నేను ఒప్పుకున్నానా?"

ఆయన వంటింటి వైపు తిరిగారు. "ఏమేవ్, పెట్టెలోంచి నా కచేరీ కోటు తియ్యి," అన్నారు భార్యతో.

కామాక్షి కళ్లు తుడుచుకుని వేలితో చూపించింది. "కింద ఇంకో వాక్యం ఉంది. అది సదవలేదేటి?"

"అది అబద్ధమమ్మా. అది జడ్జిగారి ఎదుట చదువుతాను."