మీథేన్ బరువు

మధ్యాహ్నం మూడూ నలభైకి నిఘా విభాగాధిపతి పెద్దాయన ఒక కాగితాన్ని ల్యాబ్ బల్ల మీద పెట్టాడు.

"నెమలి పంపింది. చదవండి."

విభాగంలో వాయువుల నిపుణురాలిని అందరూ తూనిక అనేవారు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి సిలిండర్‌నూ తూచింది ఆమె. ఏ విజయ నివేదికలోనూ ఆమె పేరు లేదు. నెమలి ఆమె సొంత చెల్లెలు. ముత్యాల లోలాకులతో విదేశీ ముఠాలో దుబాసీగా చేరి, వాళ్ల మనిషిగా నటిస్తున్న డబుల్ ఏజెంట్.

కాగితంలో ఇలా ఉంది: "నాలుగింటికి ఒప్పంద మందిరంలో మీథేన్ వదులుతారు. గాలికన్నా బరువైనది కనుక నేల మీదే పేరుకుంటుంది. ప్రతినిధులను పై గ్యాలరీకి ఎక్కించండి. కిటికీలు మూయించండి."

"ఎక్కించేశాం," అన్నాడు పెద్దాయన. "ఏం చురుకండీ మీ చెల్లెలిది. మీరు ఈ గది దాటితే కదా తెలిసేది."

తూనిక కాగితాన్ని దగ్గరకు లాక్కుంది. ఎర్ర పెన్సిల్ తీసింది. లీటరు గాలి 1.29 గ్రాములు, మీథేన్ 0.72. నేలను అంటిపెట్టుకుని పాకేవి క్లోరిన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి. మీథేన్ హైడ్రోజన్‌లాగే పైకి పోతుంది. 'బరువైనది' అన్న మాట కింద గీత మొదలుపెట్టింది. ఎన్నేళ్లకు తప్పులో దొరికింది చెల్లెలు! ఇంత హాయిగా ఆమె ఏ గీతా గీయలేదు.

గీత సగంలో ఆగింది.

ఈ తప్పు నెమలిది కాదు. పదిహేనేళ్ల వయసులో, బడి పోటీలో, సరిగ్గా ఈ వాక్యం రాసింది తూనికే. పన్నెండేళ్ల చెల్లెలు సరైన జవాబు రాసి వెండి కప్పు ఎగరేసుకుపోయింది. చుట్టాలెవరొచ్చినా అమ్మ ఆ కప్పు చూపించి, పెద్దది ఏం రాసిందో కూడా చెప్పి నవ్వేది. అమ్మ పోయింది. ఇప్పుడా వాక్యం గుర్తున్నది ఇద్దరికే.

"సార్, దీన్ని ఎవరో పక్కన నిలబడి రాయించారు. పైకి ఎక్కించమన్నది వాళ్ల మాట. మీథేన్ అన్నది నెమలి నాకోసం ఇరికించింది. రాయించినవాడికి క్లోరిన్ అయినా మీథేన్ అయినా ఒకటే. నాలుగింటికన్నది అబద్ధం, గ్యాస్ ఈపాటికే వదిలి ఉంటారు; మీరు జనాన్ని అది చేరే చోటికే పంపారు."

పెద్దాయన ముఖం పాలిపోయింది. "నాలుగింటికి అక్కడ షాండ్లియర్లు వెలుగుతాయి. టైమర్ ఉంది."

"ఒక్క నిప్పురవ్వ చాలు. లోపల ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. కరెంటు వీధిలోనే కోయించండి. మిగతాది నేను చూస్తాను."

మూడూ యాభై మూడుకి, వీధికి అవతలి మందిరంలో, నీలి కోటు తొడుక్కున్న పనిమనిషి తడిగుడ్డ కర్రతో గ్యాలరీ మెట్లెక్కింది. తలుపు దగ్గర ద్వారపాలకుడు అడ్డుపడ్డాడు. అతని కోటు జేబు పిస్టల్ బరువుకు ఒకవైపు వేలాడుతోంది.

"ఇప్పుడేం పని?"

"ఎవరో వాంతి చేసుకున్నారట."

అతడు ముక్కు చిట్లించి దారిచ్చాడు.

లోపల తూనిక లిప్‌స్టిక్ తీసింది. అది గ్యాస్ డిటెక్టర్. మోకాలి దగ్గర పచ్చగా ఉంది. తలపైకి ఎత్తగానే ఎర్రబడింది. రాయబారుల మధ్య నెమలి నవ్వుతూ దుబాసీ పని చేస్తోంది. అంత ప్రమాదంలోనూ జుట్టు చెదరలేదు. తూనికకు అది కూడా నచ్చలేదు.

వెనక తలుపులో నిలబడ్డ ముఠా ద్వారపాలకుడు, పేలుడుకు ముందే తాను బయటపడే వేళయిందేమోనని, గడియారం చూసుకున్నాడు. ఆ క్షణంలో తడికర్ర అతని మణికట్టు మీద, తర్వాత కణత మీద పడింది. అతని జేబులోంచి జారిన పిస్టల్‌ను, నేలకు తగిలి నిప్పురవ్వ రేగకుండా, ఒక్క అంగలో వచ్చి నెమలి చేత్తో అందుకుంది.

"ఆలస్యం చేశావక్కా."

"నోరు మూసుకుని అందరినీ కిందికి దింపు."

నెమలి ఆ మాటను మూడు భాషల్లోకి, చాలా మర్యాదగా, అనువదించింది. రాయబారులు మెట్ల వైపు పరుగెత్తారు. తూనిక తాడు లాగి పైకప్పు కిటికీలు తెరిచింది. మీథేన్ తన స్వభావం కొద్దీ ఆకాశంలోకి పోసాగింది.

గడియారం నాలుగు కొట్టింది. షాండ్లియర్లు వెలగలేదు. కరెంటు అంతకు పదకొండు సెకన్ల ముందే పోయింది.

సాయంత్రం, అది బడి పోటీలో ఎవరో రాసిన తప్పని నెమలి చెప్పాక, నివేదిక రాస్తూ పెద్దాయన ఆమెనే అడిగాడు. "బ్రహ్మాండమైన గుర్తు. ఇంతకీ మొదట ఆ తప్పు రాసిందెవరు?"

తూనిక కిటికీ వైపు తిరిగింది.

"ఎవరో నా క్లాస్‌మేట్ సార్," అంది నెమలి. "పేరు గుర్తులేదు."

వెండి కప్పు సంగతి తూనిక ఏదో ఒకనాటికి క్షమించగలిగేదేమో. ఈ మంచితనాన్ని మాత్రం జన్మలో క్షమించదు.