ఆమె సర్దిన పెట్టె

"మీకు కళ్లజోడు కావాలండీ."

"మీకు మర్యాద కావాలండీ."

వాళ్లిద్దరి మధ్య మొదటి మాటలు ఇవే. సూదిలో దారం ఎక్కడం లేదని విసుగెత్తి, పని మధ్యలో లేచి, వీధి దాటి ఎదురుగా ఉన్న కళ్లద్దాల షాపుకి వెళ్లింది దర్జీ పిల్ల. చేతికిచ్చిన అట్ట మీద చిన్న అక్షరాలు చదవమంటే సగం తప్పు చదివి, అచ్చు సరిగ్గా పడలేదని వాదించింది.

"ఈ వయసులో నాకు జోడేమిటి? మీ షాపుకి గిరాకీ లేదా?" అని కూడా అడిగేసింది.

షాపతను నొచ్చుకోలేదు. నవ్వుతూ ఒక జోడు తెచ్చి ఆమె ముక్కు మీద నిలబెట్టాడు. అప్పుడు మొట్టమొదట స్పష్టంగా కనిపించింది అతని మొహమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ తర్వాత అతని చొక్కాలకి గుండీలు ఊడిపోవడం మొదలైంది. వారానికొకటి ఊడేది. ఒక్కోసారి రెండు. "మళ్లీ ఊడిందండీ సూదిగారూ" అంటూ అమాయకంగా మొహం పెట్టుకుని వచ్చేవాడు. తెగిన దారానికీ కత్తెరతో కోసిన దారానికీ తేడా తెలియని దర్జీ ఎక్కడైనా ఉంటుందా? ఆమెకి మొదటి గుండీకే తెలిసిపోయింది. తెలిసినట్టు బయటపడితే రావడం మానేస్తాడేమోనని, ప్రతిసారీ కాస్త బలహీనంగానే కుట్టి పంపేది.

ఇలా రెండేళ్లు గడిచాయి. ఇద్దరికీ నోరుంది. దాన్ని పోట్లాటకి తప్ప వాడలేదు.

*

చలికాలం మొదట్లో ఒకరోజు అతని తల్లి పెద్ద సంచీతో దుకాణంలోకి వచ్చింది. ఆవిడని దర్జీ పిల్ల ఆంటీ అని పిలుస్తుంది. పిన్నిగారూ అంటే అతను అన్నయ్య అయిపోతాడు, అత్తయ్యగారూ అంటే తన గుట్టు రట్టవుతుంది. అందుకని మధ్యేమార్గంగా ఆంటీ.

"అమ్మాయ్, మేం సముద్రం మధ్యలో దీవికి షికారు వెళ్తున్నాం. నా చిన్ననాటి స్నేహితురాలి కుటుంబం కూడా వస్తోంది. వాళ్ల అమ్మాయి పళ్ల డాక్టరు" అంది ఆవిడ, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మావాడు కళ్లు చూస్తాడు, ఆ పిల్ల పళ్లు చూస్తుంది. మొహమంతా మా ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు!"

"అంటే..."

"అంటే ఏముంది? వారం రోజులు కలిసి తిరిగితే ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. ఇద్దరికీ నచ్చితే తిరిగొచ్చాక పెళ్లే."

దర్జీ పిల్ల చేతిలో ఉన్న టేపుని చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"వాడికి బట్టల జ్ఞానం లేదు. అక్కడ ఎండా, ఉక్కా విపరీతమట. నువ్వు సముద్రం పక్క ఊళ్లో పెరిగినదానివి కదమ్మా, ఏవి తీసుకెళ్లాలో నీకే తెలుస్తుంది. నాలుగు చొక్కాలు కుట్టి, పెట్టె కూడా నువ్వే సర్దిపెట్టు. ఆ పిల్ల ముందు వాడు బాగా కనపడాలి."

తను కావాలనుకున్న మనిషిని వేరొకరి కంటికి ఇంపుగా తయారుచేసే పని. కాదనడానికి ఆమె దగ్గర బయటికి చెప్పుకోగల కారణం ఒక్కటీ లేదు.

"అలాగే ఆంటీ" అంది.

*

కొలతలు చూడ్డానికి అతను వచ్చిన రోజున సన్నగా వాన పడుతోంది. గొడుగు ఉండి కూడా తడిసి వచ్చాడు. వీధి దాటేటప్పుడు గొడుగు కింద నుంచి ఈ దుకాణం వైపు చూస్తూ గుంటలో కాలేశాడు. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

కొత్త చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు.

"ఇదేమిటండీ, ఇందులో నేనూ, మా పక్కింటాయనా ఇద్దరం పడతాం!"

"అక్కడ చొక్కా ఒంటికి అంటుకోకూడదు. గాలి వచ్చి పోతుండాలి."

"గాలికి చోటిచ్చారు. నాకే ఇవ్వడం లేదు."

ఆమె గబగబా నాలుగు గుండుసూదులు నోట్లో పెట్టుకుంది. నోట్లో సూదులున్నప్పుడు మాట్లాడకూడదన్నది దర్జీ పనిలో మొదటి పాఠం. ఆ పూట అది ఆమెకి చాలా పనికొచ్చింది.

సూదులన్నీ చొక్కా చేతి అంచుకి గుచ్చేశాక మాట్లాడక తప్పలేదు. "జీన్స్ తీసుకెళ్లకండి. ఆ గాలిలోనే తడి ఉంటుంది, ఓసారి తడిస్తే ఇక ఆరదు. తోలు బూట్లు బూజు పట్టేస్తాయి. బూడిద రంగు అసలే వద్దు, చెమట మచ్చలన్నీ మ్యాపు గీసినట్టు కనిపిస్తాయి. తెలుపు, లేత పసుపు, చిన్న పూలవి కుడుతున్నాను."

"పూలా? నాకా?"

"పూల మధ్య చెమట కనపడదు."

"కనపడితే ఏమవుతుంది?"

"ఎదుటివాళ్లు పారిపోతారు."

"ఎదుటివాళ్లంటే ఎవరు?"

ఆమె అతని భుజం దగ్గర లేని ముడతని సరిచేసింది. "పళ్ల డాక్టరు గారు."

అద్దంలో అతని నవ్వు ఆగిపోయింది. "అమ్మ మీకు చెప్పేసిందా?"

"చెప్పారు. మంచి సంబంధమట."

"మీరేమంటారు?"

బయట వాన కాస్త పెద్దదైంది. అతను అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలని ఆమెకి తెలుసు. ఆ మాట అన్నాక అతను మొహమాటంగా నవ్వి, "అయ్యో, నేనెప్పుడూ అలా అనుకోలేదే" అంటే? రేపట్నుంచి తలెత్తితే కనిపించేది ఆ షాపే కదా. కత్తెరతో కోసిన గుండీలు గుర్తొచ్చాయి. కొంతమందికి అది సరదా, అంతే అయ్యుండొచ్చు అనుకుంది.

"నేననడానికేముందండీ? చేతులెత్తండి, చంకల దగ్గర వదులు చూడాలి."

"ఎత్తేశాను" అన్నాడు అతను నీరసంగా.

*

ప్రయాణానికి ముందురోజు పెట్టె సర్దడానికి వాళ్లింటికి వెళ్లింది. అతను షాపులో ఉన్నాడు. తల్లి వంటింట్లో ఉంది. అతని గదిలో అతని మంచం మీద పెట్టె తెరిచి పెట్టుకుని ఆమె ఒక్కతే నిలబడింది.

తను కుట్టిన కాటన్ చొక్కాలు మడిచి పెట్టింది. ప్యాంట్లు గట్టిగా చుట్టింది, నలగకుండా. ఇంట్లో తొడుక్కునే బనియన్లు రెండు ఎక్కువే పెట్టింది, అక్కడ పూటకొకటి మార్చాల్సి వస్తుంది. ఏసీ గదుల్లో చలేస్తే వేసుకోవడానికి పల్చటి పొడుగు చేతుల చొక్కా ఒకటి. తడి బట్టలకి కవరు. పౌడరు డబ్బా. అంతా అయ్యాక బీరువాలో వేలాడుతున్న నైలాన్ చొక్కాలు కంటపడ్డాయి. వాటి పక్కనే నల్లటి ఉన్ని సూటు.

ఆమెకి దుర్బుద్ధి పుట్టింది. కాటన్‌వి తీసేసి ఈ నైలాన్‌వి పెడితే చాలు, మొదటి పూటకే ఆ పళ్ల డాక్టరు ముక్కు మూసుకుంటుంది. చకచకా అన్నీ మార్చేసింది. మూత వేసింది. మంచం చివర కూలబడింది.

కాసేపటికి అతను కళ్లముందు మెదిలాడు. ముక్కూ మొహం తెలియని జనం మధ్య, మెడ తుడుచుకుంటూ, చొక్కా వీపుకి అంటుకుపోయి. తీరేది తన కసి, ఉడికేది అతని ఒళ్లు. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. పెట్టె తెరిచి, నైలాన్‌వి తీసి బీరువాలో పెట్టేసి, మళ్లీ మొదటినుంచీ సర్దింది. ఈసారి ఏడుపు రాకుండా ఉండటం కోసం ప్రతి మడతా చేత్తో అదిమి అదిమి పెట్టింది. పట్టుబట్టల దుకాణంలో కూడా అంత నీటుగా పేర్చరు.

గుమ్మంలో అలికిడైంది. అతను ఎప్పుడొచ్చాడో, పెట్టె వైపే చూస్తున్నాడు.

"సాక్సులు కూడా జతలు కట్టారు" అన్నాడు.

"వెతుక్కోకుండా ఉంటుందని."

"ఏదీ మర్చిపోలేదు కదూ?"

"లేదు. క్షేమంగా వెళ్లిరండి."

అతను పెట్టె మూత వేసి పక్కకి తప్పుకున్నాడు. ఇంత చేస్తే కృతజ్ఞత కూడా లేదనుకుంటూ ఆమె మెట్లు దిగింది. సగం దిగాక జోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

*

కళ్లద్దాల షాపు షట్టర్ దించి ఉంది. వాన పడితే ఆ షట్టర్ మీద నీళ్లు చారలు కట్టేవి. ఆమె ఒకే అంచుని రెండుసార్లు కుట్టింది. ఒకాయన ప్యాంటుకి మూడు కాళ్ల కొలత రాసుకుంది. ఎవరైనా తడి చెప్పులతో గుమ్మం ఎక్కితే చాలు, ఉలిక్కిపడి లేచేది.

కళ్లు కాయలు కాచేలా చూడటం అంటారే, దాని అర్థం ఆ వారంలో బాగా బోధపడింది. ఇప్పుడు ఇద్దరూ ఇసకలో నడుస్తుంటారు. లేత పసుపు చొక్కా వేసుకుని ఉంటాడు. తను కుట్టిన చొక్కానే చూసి ఆ పిల్ల బాగుందంటుంది. అతను నవ్వుతాడు. తనకి అతను కావాలి. గుండీలు ఊడినా, ఊడకపోయినా, రోజూ ఆ గుమ్మంలో కనపడుతూ కావాలి. ఇంత చిన్న సంగతి చెప్పలేకపోయిన నోరు ఎందుకని తన్ను తాను తిట్టుకుంది.

*

వారం తిరిగాక మొదట అతని తల్లి వచ్చింది. గొడుగు మూయకుండానే గుమ్మంలోంచి అరిచింది.

"నువ్వు సర్దిన పెట్టె వాడు తేనే లేదే అమ్మాయ్!"

"అదేమిటి ఆంటీ?"

"దాన్ని మంచం కింద తోసేసి, వేరే పెట్టెలో ఆ ఉన్ని సూటూ, నైలాన్ చొక్కాలూ కుక్కుకొచ్చాడు! ఆ ఎండలో నల్లకోటు! ఇసకలో బూట్లు! హోటల్ వాళ్లు వీడెవరో చావు కబురు చెప్పడానికి వచ్చాడనుకున్నారు. అందరూ నీళ్లలో ఆడుతుంటే వీడు గొడుగు కింద కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. వేసుకోవడానికి వేరేవి కొంటానంటే వినడు."

"మరి... ఆ అమ్మాయి?"

"పాపం, మంచి పిల్ల. రెండు రోజులు నవ్వింది. మూడో రోజు వాణ్ణి పక్కకి పిలిచి, 'నేను మీకు వద్దని చెప్పడానికి ఇంత చెమట ఎందుకండీ? ఎవరి కోసం?' అని అడిగిందట. వాడేం చెప్పాడో నాకు చెప్పరు. 'ఆంటీ, సంబంధం సంగతి వదిలేయండి, ముందు ఈయన్ని, ఈయనకి భార్య కాబోయే అమ్మాయికి అప్పగించండి' అని మాత్రం అంది. ఎవరే ఆ అమ్మాయి? నీకేమైనా తెలుసా?"

జవాబు చెప్పే పని లేకుండా అతనే వచ్చాడు. మెడంతా ఎర్రగా చెమటకాయలు. కాలర్ తగలకుండా తల ఒక పక్కకి వంచి నడుస్తున్నాడు. తల్లి అక్కడ ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ మెడ చూసేసరికి ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"పెట్టె ఎందుకు తీసుకెళ్లలేదు?"

"ఆ రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను" అన్నాడు అతను. "తడి బట్టలకి కవరు కూడా పెట్టారు. నన్ను పంపించెయ్యడానికి ఇంత శ్రద్ధా అనిపించింది. ఒక్క మడత తప్పినా నాకు ఆశ ఉండేది."

"అందుకని ఉన్ని కోటు వేసుకుని పోతారా? నోటితో చెప్పాల్సింది చెమటతో చెబుతారా ఎవరైనా? ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

"తప్పే. ఆమెకి క్షమాపణ చెప్పాను. మీకు చెప్పడానికే భయం వేసింది. మీరు కాదంటే ఈ వీధి దాటడానికి నాకు ఇంకే సాకూ ఉండదు."

ఆమె కోపం సగంలో ఆగిపోయింది. ఆ భయం ఆమెకి కొత్తదేం కాదు.

"నేను కూడా ముందు నైలాన్‌వే పెట్టాను" అంది నేల చూపులు చూస్తూ.

"నిజంగా?" పెద్ద బహుమతి వచ్చినవాడిలా వెలిగిపోయింది అతని మొహం. "మరి తీసేశారేం?"

"ఒళ్లు పొక్కుతుందని."

తల్లి ఇతన్ని చూసింది, అటు తిరిగి ఆమెని చూసింది. "బాగుంది వరస! పొక్కుతుందని ఈవిడ తీసేస్తే, పొక్కించుకుని ఆయనొచ్చాడు. మధ్యలో వెర్రిదాన్ని నేను!"

"ఇప్పుడు మీ అమ్మగారికి చెప్పండి" అంది దర్జీ పిల్ల. ఇంకో మాట కలిపింది. "నోటితో."

అతను మెడ సంగతి మర్చిపోయి నిటారుగా నిలబడ్డాడు. "అమ్మా, నాకు ఈ అమ్మాయి కావాలి. రెండేళ్ల నుంచీ. ఇంకెవరూ వద్దు."

"ఈ ముక్క నెల ముందు అనుంటే సముద్రం దాకా పోయి పరువు పోగొట్టుకునేదాన్నా?" అని ఆవిడ గొడుగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. "వీడికి మాటలు రావు. నువ్వైనా నేర్పు తల్లీ. నా ఇంట్లో ఇద్దరు మూగవాళ్లుంటే నేను వేగలేను."

ఆవిడ వీధిలోకి దిగాక ఇద్దరూ ఎటు చూడాలో తెలియక కుట్టుమిషన్‌ని చూశారు.

"షాపు తెరవాలి. వారం నుంచీ మూసి ఉంది, జనం తిరిగిపోతుంటారు" అన్నాడతను మొహమాటంగా, గుమ్మం వైపు తిరుగుతూ.

"వెళ్లొద్దు."

అతను ఆగాడు.

"అప్పుడే అనాల్సిన మాట. అనలేక పెట్టె సర్దాను" అంది ఆమె. "ఇప్పుడంటున్నాను. వెళ్లొద్దు."

"వీధి అవతలికేగా?"

"అక్కడికి కూడా."

అతను స్టూలు ఆమె మిషన్ పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎవరో గొడుగేసుకుని వచ్చి, మూసి ఉన్న షట్టర్‌ని రెండుసార్లు తట్టి, కాసేపు చూసి వెళ్లిపోయారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.