చనిపోయినవాడు కాదనాలి

"పెద్దన్న మెయిల్ నుంచి ఒక రిక్వెస్ట్ వెళ్లింది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ చప్పున తలెత్తాడు. పెద్దన్న శవాన్ని మోసిన నలుగురిలో తనూ ఒకడు.

చీఫ్ విషయం సూటిగా చెప్పాడు. గడియారాల రిపేరు షాపు పేరుతో బ్రాంచికి ఒక వెబ్‌సైట్ ఉంది. సరిహద్దు అవతలి ఏజెంట్లు అందులో రాసే ఫిర్యాదులే రహస్య రిపోర్టులు. ఏళ్ల తరబడి డబ్బు కట్టింది బ్రాంచే. సైట్ చిరునామాను, అంటే డొమైన్‌ను మాత్రం పెద్దన్న హడావుడిలో తన పేరున, తన ఫోన్ నంబరు మీద రాయించాడు. శత్రువుల చేతిలో ఆయన పోయాక దాన్ని మార్పించాలని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఆ శత్రువుల ముఠాయే ఆయన మెయిల్లో దూరి, డొమైన్‌ను తమకు బదిలీ చేయమని, దాన్ని నమోదు చేసిన కంపెనీని అడిగింది.

"సాయంత్రం ఆరులోపు యజమాని వద్దనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. రాత్రికి పిచ్చుక తను దాక్కున్న చోటు ఆ సైట్‌లోనే రాస్తుంది. ముందే ఆమెను హెచ్చరించడానికి మనకు దారి లేదు."

"వద్దనాలంటే?"

"కోడ్ కావాలి. అది పెద్దన్న ఫోనుకే వస్తుంది."

పిచ్చుకకు పని నేర్పి అవతలికి పంపింది డేగే. ఆ భయంతోనే మెట్లు దిగాడు.

గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో పెద్దన్న ఇంటికి చేరేసరికి ఆరు కావస్తోంది. గుమ్మం పక్కన ఆయన చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. తలుపు తీసిన వదిన మొహం పాలిపోయి ఉంది.

ముందుగదిలో, పెద్దన్న కుర్చీలో నెమలి కూర్చుని ఉంది. ఆమె కూడా బ్రాంచి ఏజెంటే; అక్కడ సగం మంది ఆమె నవ్వు కోసం పడి చచ్చేవాళ్లు. ఒళ్లో పెద్దన్న ఫోను. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"కూర్చో డేగా. ఆరు దాకా ఊరికే కూర్చుంటే చాలు."

పెద్దన్నను ముఠాకు పట్టిచ్చింది ఎవరో డేగకు అప్పుడు అర్థమైంది.

"ఆ ఫోన్ ఇంకా పనిచేస్తోందా వదినా?" అన్నాడు మెల్లిగా.

"నెలనెలా బిల్లు కడుతున్నాను. రింగ్ చేస్తే ఆయన మాట వినిపిస్తుంది కదా."

డేగ చేతి వాచీ చూడ్డానికి వాచీయే, లోపల ఫోను. మీట తిప్పాడు. నెమలి ఒళ్లో ఫోను మోగింది. ఆమె తీయలేదు. మోగి మోగి ఆగింది. వాచీలోంచి పెద్దన్న గొంతు గదంతా వినిపించింది.

"నేనిప్పుడు దగ్గర్లో లేను. కాసేపాగితే వస్తాను."

మీట తిప్పింది తనే అయినా డేగ ఒళ్లు జలదరించింది. నెమలి మాత్రం కుర్చీ కాలినట్టు లేచి, వెనక్కి తిరిగి చూసింది. ఆ ఒక్క క్షణం చాలు. డేగ విసిరిన స్పానర్‌కు పిస్టల్ ఎగిరిపడింది. దాన్ని అందుకుని ఆమెకు గురిపెట్టి, రెండో చేత్తో తన మొబైల్లో బదిలీ పేజీ తెరిచి 'వద్దు' నొక్కాడు. కింద పడ్డ ఫోనుకు కోడ్ వచ్చింది. వదిన దాన్ని తీసి, నెమలి కళ్లలోకి చూస్తూ ఒక్కో అంకె చదివింది. గోడ గడియారం ఆరు కొట్టడం మొదలుపెట్టేసరికి తెర మీద కనిపించింది: బదిలీ రద్దయింది.

మర్నాడు చీఫ్ అడిగాడు, డొమైన్ ఇప్పుడు ఎవరి పేరున ఉందని.

"కాగితాల మీద మన ఆఫీసే లేదు సార్. మనలో ఎవరెన్నాళ్లుంటారో తెలీదు. పోయినవాళ్ల బిల్లు కూడా మానకుండా కట్టే మనిషి ఒక్కరే కనిపించారు. వదిన పేరున రాయించాను."