నిడదవోలు ఏ జిల్లాలో ఉంది?

"అయ్యయ్యో, మాస్టారూ!" అన్నాడు శ్యాంబాబు.

ఆ అయ్యయ్యోలో జాలి లేదు, సరదా ఉంది. అతని కోటు నిండా చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉన్నాయి. లైటు పడినప్పుడల్లా అవి నా కళ్ళలో గుచ్చుకుంటున్నాయి.

రాజమండ్రిలో ఒక చిన్న కేబుల్ చానల్ ఉంది. దానికి యజమాని, యాంకరు, ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియను కూడా శ్యాంబాబే. ఆదివారం ఆదివారం 'తెలివికి తాళం' అని ఒక క్విజ్ షో వేస్తాడు. మనం జవాబు చెప్పగానే అట్టతో చేసిన పెద్ద తాళంకప్ప ఎత్తి చూపించి, "తాళం వేసెయ్యమంటారా?" అని మూడుసార్లు అడుగుతాడు. ఇంటికి తాళం వేసుకునేవాడెవడూ ఎవర్నీ అన్నిసార్లు అడగడు.

నన్నడిగిన ఐదో ప్రశ్న: నిడదవోలు ఏ జిల్లాలో ఉంది? తూర్పు గోదావరి అన్నాను. తాళం వేశాడు. బజర్ కుయ్యిమంది.

"కరెక్ట్ ఆన్సర్... పశ్చిమ గోదావరి!"

"కాదండి. నేను ఉండేది నిడదవోల్లోనేనండి."

"ఉంటే మాత్రం? కార్డు మీద పశ్చిమ అని ఉందండి."

"2022లో జిల్లాలు మార్చారండి. అప్పట్నుంచీ తూర్పే. కావాలంటే నా ఆధార్ చూడండి."

"ఆధార్ మీకు, కార్డు మాకు!" అన్నాడు. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్న ఇరవైమంది అతను చెయ్యెత్తగానే చప్పట్లు కొట్టారు. వాళ్ళని తెచ్చిందే అందుకు. నా చేతిలో ఒక ప్లాస్టిక్ టిఫిను బాక్సు పెట్టి పంపించేశారు.

నా అంతట నేను ఆ షోకి వెళ్ళలేదు. మా అమ్మ పాపాయమ్మ నాకు చెప్పకుండా నా పేరు పంపింది. ఆవిడ ఆ షోకి అభిమాని కాదు, విరోధి. ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చుని శ్యాంబాబుని తిట్టడం ఆవిడకి ప్రార్థన తర్వాత అంత ముఖ్యమైన పని. "మా సుకుమార్ వెళ్తే వీడి కోటు ఊడదీస్తాడు" అనేది. పిలుపు వచ్చేసరికి అమ్మ పోయి నాలుగు నెలలు. వెళ్ళాను. కోటు ఊడదియ్యలేకపోయాను.

కిందికి దిగేసరికి వాన. మెట్ల దగ్గర రేకు కింద ఒక అమ్మాయి, చేతిలో ఫైలుతో, వాన తగ్గడం కోసం చూస్తోంది.

"ఓడిపోయారా?" అంది, నా టిఫిను బాక్సు చూసి.

"ఓడించారు."

"అందరూ అలాగే అంటారండి."

"ఆ ప్రశ్న రాసిన దద్దమ్మ ఎవరో గానీ, రైలు నిడదవోల్లో ఆగినప్పుడు కిటికీలోంచి బోర్డైనా చూసి ఉండరు."

"చూశానండి. బోర్డు మీద ఊరి పేరుంటుంది గానీ జిల్లా పేరుండదు."

నాకు అర్థం కావడానికి రెండు ఉరుములు పట్టింది.

"మీరా రాసింది?"

"అన్ని ప్రశ్నలూ నేనే రాస్తానండి. నా పేరు వినీల. దద్దమ్మ అన్నా పలుకుతాను."

అక్కడ క్షమించమని అడగాల్సింది. అడగలేదు. "జిల్లాలు మారిన సంగతి తెలియదా?" అన్నాను.

"తెలుసు."

"తెలిసీ రాశారా?"

ఆమె ఫైలు చంకలో పెట్టుకుంది. "మీరు సోషల్ మాస్టారు కదండీ? గోదావరికి పడమటి వైపున్న ఊరు తూర్పు గోదావరి ఎలా అయిందని పిల్లలడిగితే ఏం చెప్తారు?"

"మార్చారు, రాసుకోండి అని చెప్తాను."

"వాళ్ళు రాసుకుంటారు, మీరు మార్కులేస్తారు. బాగుంది చదువు!"

గొడుగు విప్పి వానలోకి దిగింది. గొడుక్కి రెండు పుల్లలు విరిగిపోయి ఒక పక్క కిందికి వేలాడుతోంది. అలాంటి గొడుగు కింద అంత ఠీవిగా నడిచే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఒళ్ళు మండింది. అయినా మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.

ఇదంతా బుధవారం. ఆదివారం సాయంత్రం అది టీవీలో వస్తుంది. నా ప్రాణం మీదికి వచ్చింది అక్కడే.

నేను పనిచేసేది తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో. ఆ నెలలోనే తొమ్మిదో తరగతికి పెట్టిన స్లిప్ టెస్టులో సరిగ్గా ఇదే ప్రశ్న ఇచ్చాను. ముప్పై ఒక్కమంది 'పశ్చిమ గోదావరి' అని రాశారు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు మరి. ముప్పై ఒక్కమందికీ అర మార్కు కోశాను. ఒక పిల్ల తండ్రి, బుల్లిరాజుగారని, పొలం కాగితాలు పట్టుకుని మరీ వచ్చారు.

"దీనిమీద పశ్చిమ అనే ఉందండి మాస్టారూ. కాగితం అబద్ధం ఆడుద్దా?"

"అది పాత కాగితమండి."

"పొలం పాతదే కదండీ!"

మా హెడ్మిస్ట్రెస్ సూర్యకళగారికి ఆయన్ని పంపించడానికి ఒక పీరియడ్ పట్టింది. అదే సూర్యకళగారు ఇప్పుడు ప్రేయర్లో మైకు పట్టుకుని, "మన సుకుమార్ సార్ టీవీలో వస్తున్నారు, అందరూ తప్పకుండా చూడాలి" అని చెప్పారు. ఆదివారం వాళ్ళు చూస్తారు. సోమవారం ముప్పై ఒక్క అర మార్కులు గేటు దగ్గర నిలబడతాయి. ఆ తర్వాత నేనేం దిద్దినా ఎవరూ నమ్మరు. మాస్టారికి ఉండేది ఆ నమ్మకం ఒక్కటే.

శనివారం మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. శ్యాంబాబు మామూలు చొక్కాలో ఉన్నాడు. అద్దాలు లేకపోతే అతను చాలా చిన్న మనిషి.

"ఎడిటింగ్ అయిపోయిందండి. మళ్ళీ తియ్యడం కుదరదు. కావాలంటే ఒక పని చెయ్యొచ్చు. తప్పు నాదేనని వినీల కాగితం రాసిస్తే, ఆ మాట ఆమె చేతే కెమెరా ముందు చెప్పించి కలుపుతాను. కాకపోతే ఆమెకిది మూడో తప్పండి. మూడైతే ఇంటికేనని ముందే చెప్పాను."

వెనక గదిలో వినీల టైపు చేస్తోంది. పక్కన పాత లాంగ్ నోటుబుక్కులు దొంతరగా ఉన్నాయి.

"మళ్ళీ తిట్టడానికి వచ్చారా?" అంది తలెత్తకుండా. "అంత దూరం నుంచి దేనికండి? ఫోన్లో తిట్టినా వింటాను."

"తెలిసీ ఎందుకు రాశారో అడగడానికి వచ్చాను."

టైపు చెయ్యడం ఆపింది. తర్వాత ఒక నోటుబుక్కు తెరిచి నా ముందుకి తోసింది. గుండ్రటి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు. 'నిడదవోలు – పశ్చిమ గోదావరి', కింద స్కేలుతో గీత.

"మా నాన్నగారు అబ్రహాము మాస్టారు. కొవ్వూరులో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. రోజూ పేపరు చదివి ఐదు ప్రశ్నలు రాసేవారు. మొత్తం పదకొండు పుస్తకాలు. పోయినేడు వెళ్ళిపోయారు." కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. "ఆయన రాసినదాని మీద ఎర్ర గీత పెట్టాలంటే నాకు చెయ్యి రాలేదండి. ఉన్నది ఉన్నట్టు టైపు చేసేశాను. ముందు రెండు తప్పులూ ఇలాంటివే. ఇప్పుడు నవ్వండి."

నేను నవ్వలేదు. మా ఇంట్లో టీవీ పక్కన అమ్మ కళ్ళజోడు నాలుగు నెలలుగా పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని చుట్టూ తుడుస్తున్నాను గానీ దాన్ని కదపలేదు.

"ఈ పేజీకి తేదీ ఉందా?" అని అడిగాను.

"పైన వేశారు. 2009 ఆగస్టు."

"అయితే ఆయన తప్పు రాయలేదండి. ఆ రోజుకి అదే నిజం. కొట్టెయ్యక్కర్లేదు. పక్కన ఇవాళ్టి తేదీ వేసి 'తూర్పు' అని రాయండి. రెండూ ఉంటాయి."

వినీల మొదటిసారి నా మొహం సరిగ్గా చూసింది.

"ఈ ముక్క మీ పిల్లలకి చెప్పారా?"

"చెప్పలేదు. అర మార్కు కోసేశాను."

"అనుకున్నాను."

"కాగితం రాసివ్వకండి. మీ ఉద్యోగం పోతుంది. సోమవారం సంగతి నేను చూసుకుంటాను."

"ఎలా చూసుకుంటారు?"

"తిట్లు తింటాను. మా ఉద్యోగంలో అలవాటే."

"ఇప్పుడు మీ మీద జాలి పడాలాండి?"

"వద్దు."

"మంచిది. అది నా దగ్గర స్టాకు లేదు."

ఆదివారం సాయంత్రం ఒక్కణ్ణే టీవీ ముందు కూర్చున్నాను. నేను అంత బిక్కమొహం వేసుకుని ఉంటానని నాకు అంతవరకూ తెలియదు. బజర్ కుయ్యిమంది. చప్పట్లు. "ఆధార్ మీకు, కార్డు మాకు!"

అక్కడ బొమ్మ ఆగింది. తర్వాత అదే బల్ల వెనక వినీల. మేకప్ లేదు, చేతిలో కాగితం లేదు.

"సుకుమార్ మాస్టారు చెప్పిందే సరైన జవాబు. నిడదవోలు 2022 నుంచి తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. అంతకుముందు పశ్చిమ గోదావరిలో ఉండేది. కార్డు రాసింది నేను. తప్పు నాది. మాస్టారిని చూసి నవ్వినవాళ్ళు ఇంక ఆపెయ్యొచ్చు."

అంతే. వెంటనే ప్రెషర్ కుక్కరు ప్రకటన వచ్చింది. ఆమె ఉద్యోగం ఖరీదు ఇరవై సెకన్లు.

సోమవారం గేటు దగ్గర బుల్లిరాజుగారున్నారు. చేతిలో కాగితాలు లేవు. "టీవీలో ఆ అమ్మాయి చెప్పింది కదండీ మాస్టారూ, సరిపోయింది" అన్నారు. నేను చెబితే నమ్మలేదు, గవర్నమెంటు చెబితే నమ్మలేదు, ప్రెషర్ కుక్కరు ప్రకటనకి ముందు చెబితే నమ్మారు. క్లాసులో రెండు జవాబులూ బోర్డు మీద రాసి, పక్కన తేదీలు వేశాను. కోసిన అర మార్కులు వెనక్కి ఇచ్చేశాను.

సాయంత్రం రైలెక్కి రాజమండ్రి వెళ్ళి, శ్యాంబాబు దగ్గర అడ్రసు తీసుకుని, ఆర్యాపురంలో వినీలవాళ్ళ తలుపు కొట్టాను. వాళ్ళమ్మ తబితగారు తీశారు.

"మా అమ్మాయి ఉద్యోగం పోగొట్టిన మాస్టారు మీరేనాండి?"

"అవునండి."

"లోపలికి రండి. తిట్టాలన్నా కూర్చోబెట్టి తిట్టడం మా ఇంటి పద్ధతి."

కూర్చున్నాను. వినీల టీ తెచ్చి నా ముందు ఠపీమని పెట్టింది.

"థాంక్స్ చెప్పడానికి వచ్చారా?"

"కాదు. రాయొద్దని చెప్పాను కదా, ఎందుకు రాశారు?"

"మీ మాట వినడానికి నేనేమన్నా తొమ్మిదో తరగతా?"

"ఇప్పుడేం చేస్తారు?"

"ఏదో ఒకటి చేస్తాను. మీకెందుకండి?"

"మీచేత రోజూ తిట్లు తినాలని ఉందండి" అన్నాను.

అంతకంటే మంచి మాట కోసం రైల్లో దారి పొడుగునా వెతికాను. దొరకలేదు.

వినీల నన్నే చూస్తూ నిలబడిపోయింది. కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఎవరూ వెళ్ళి కిటికీ వెయ్యలేదు.

"మాస్టారికి టీ చల్లారిపోయింది" అన్నారు తబితగారు, ఇంకో టీ పెట్టడానికి లేస్తూ. "వినీలా, ఆయన్ని అలా చూడకు. జవాబు చెప్పు."

"ఆలోచించుకుని చెప్తాను" అంది వినీల. ఆలోచించుకోవడానికి ఆమెకి ఆర్నెల్లు పట్టింది. ప్రతి ఆదివారం నేను వెళ్ళి గుర్తుచేసేవాణ్ణి. "మీకు పనేం లేదా?" అనేది, రెండు టీలు పెట్టి. ఈలోగా ఆమె కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. ఒక ఆదివారం ఒంట్లో బాగోక వెళ్ళలేదు. సాయంత్రానికి తనే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "సరేనండి" అంది. ఏది సరేనో నేను అడగలేదు.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా సుకుమార్‌కీ ఫలానా వినీలకీ వివాహం, అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పవచ్చు అని. మొదటి ఆదివారం పొద్దున తబితగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఊళ్ళోవాళ్ళ గురించి నాకు భయం లేదు బాబూ. మీ ఇద్దరిలో ముందు ఎవరు లేస్తారా అనే నా భయం."

మూడు ఆదివారాలూ పాస్టరుగారు మా పేర్లు చదివారు. చదివిన ప్రతిసారీ తలెత్తి ఒక నిమిషం ఆగారు. మగవాళ్ళ వైపు నుంచి నేను ఆమెని చూశాను, ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె నన్ను చూసింది. లేస్తావా అన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది.

ఇద్దరం లేవలేదు.