తగ్గించి చెప్పిన గాలి

ఆ ఎండాకాలం ముదిగుబ్బ జనం పొద్దున లేవగానే దేవుడి పటం వైపు కాదు, ఫోన్ వైపు చూసేవాళ్లు. ఊరి గ్రూపులో ఒక గొంతు వినిపించేది. తొందరలేని గొంతు, కాస్త కన్నడ యాస కలిసిన గొంతు.

"అందరికీ నమస్కారం, తిప్పేష్ మాట్లాడతాండా. ఈ పొద్దు ఎండ నలభై మూడు దాటతాది. ముసిలోళ్లు మధ్యాహ్నం బయటికి రావద్దు. సాయంత్రం ఉరుములు, గట్టి గాలి రావచ్చు. గొర్రెలు తోలుకుపోయినోళ్లు చెట్ల కింద నిలబడొద్దు."

ఊరందరికీ ఆ గొంతంటే ముద్దు. హరితకు మాత్రం ఒళ్లు మంట.

మంట ఎందుకంటే, హరితది షామియానాల వ్యాపారం. బస్టాండు వెనకున్న జయరామ్ టెంట్ హౌస్ వాళ్లదే. ఆ గొంతు 'గట్టి గాలి' అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఏమనుకోవద్దమ్మా, మేం కల్యాణ మండపానికి మారిపోతున్నాం అనేవాళ్లు. గాలి వచ్చేదో లేదో గానీ బేరం మాత్రం ఎగిరిపోయేది.

ఆ రోజూ అదే జరిగింది. హరిత ఫోన్ పెట్టేసి, స్కూటీ తీసి, ఆ గొంతు ఎక్కడుంటుందో కనుక్కుని నేరుగా అక్కడికే పోయింది.

మనిషి మిద్దె మీద ఉన్నాడు. తలకు తడిగుడ్డ చుట్టుకుని, వాన కొలిచే డబ్బాలోకి తొంగి చూస్తున్నాడు. హరిత ఆ గొంతుకు బట్టతలా, కళ్లజోడూ, యాభై ఏళ్ల వయసూ ఊహించుకుని వచ్చింది. తీరా చూస్తే ముప్ఫై కూడా లేవు. పైగా నవ్వితే బాగున్నాడు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఎంత పడింది సార్ వాన?" అంది మెట్ల మీద నుంచే.

"బల్లి పడింది మేడం" అన్నాడు డబ్బా చూపిస్తూ. "వాన ఇంకా లేదు."

"లేని వానకు దినామూ జనాన్ని ఎందుకు బెదిరిస్తాండారు? మీరు నోరు తెరిస్తే నా షామియానాలు మూటలోనే ఉండిపోతాండాయి."

తిప్పేష్ ఓపిగ్గా చెప్పుకున్నాడు. తను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడట, సొంతూరు రాయదుర్గమట, రాడార్ బొమ్మలు చూసి వాతావరణం చెప్పడం తన పిచ్చట. తను 'రావచ్చు' అన్నాడే గానీ 'వస్తుంది' అనలేదట. ఊళ్లో ఆ తేడా ఎవరికి తెలుసని హరిత నిలదీసింది. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద అంతసేపు నిలబడి పోట్లాడేసరికి ఆమెకు కళ్లు తిరిగాయి. అతను గబగబా కిందికి పోయి నన్నారి షర్బత్ తెచ్చి ఇచ్చాడు. ఆమె గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మళ్లీ ఆపిన చోటి నుంచే పోట్లాట మొదలుపెట్టింది.

అసలు బాధ బేరాలు పోవడం ఒక్కటే కాదు. రెండేళ్ల కిందట తనకల్లు దగ్గర ఒక పెళ్లిలో గాలికి షామియానా లేచిపోయి, ఇనుప పైపు మీద పడి, ఆమె నాయన జయరాముడి కాలు విరిగింది. అప్పటి నుంచి ఆయనకు చేతికర్ర, హరితకు వ్యాపారం వచ్చాయి. ఆమె నడపడానికి జయరాముడు ఒప్పుకున్నాడు గానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఇంకొక్క పందిరి పడిందంటే సామానంతా అమ్మేస్తాడు, ఆమె ఇంట్లో కూర్చోవాలి.

హరితకు ఆ పని అంటే ప్రాణం. నిప్పులు చెరిగే ఎండలో ఎర్రపచ్చ గుడ్డ లేచి నిలబడగానే, దాని కింద జనం అమ్మయ్య అనుకుంటూ కూలబడతారు. ఆ అమ్మయ్య కోసం ఆమె ఎంత ఎండనైనా భరిస్తుంది. దాన్ని వదులుకుని ఇంట్లో కూర్చోమంటే ఎట్లా?

మర్నాడు తిప్పేష్ టెంట్ హౌస్‌కు వచ్చాడు. గాలి షామియానాను ఎట్లా లేపుతుందో నేర్చుకోవాలన్నాడు. ఫిజిక్స్ సారుకు పాఠం చెప్పే అవకాశం హరిత వదులుకుంటుందా? పక్క గుడ్డలు గాలిని లోపల బంధిస్తాయని, అందుకే దించేటప్పుడు ముందు అవే విప్పాలని, తర్వాతే పైగుడ్డ తాళ్లు వదలాలని, ఇది నాయన పద్ధతని చెప్పింది. అతను బుద్ధిగా విన్నాడు. మర్నాడు వచ్చి అదే పాఠం మళ్లీ అడిగాడు. మూడోసారి వచ్చినప్పుడు, ఆ టెంట్ హౌస్‌లో ఎప్పటి నుంచో పనిచేస్తున్న కుళ్ళాయప్ప తాళ్లు చుడుతూ, "ఈ సారుకు గాలి సోకినట్లుండాదమ్మా" అన్నాడు. హరిత వినబడనట్టు కింద పడ్డ మేకులు ఏరుకుంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత అతని గొంతు రెండుసార్లు రావడం మొదలైంది. ఒకసారి ఊరి గ్రూపులో, ఒకసారి ఆమె ఒక్కదానికే. మొదట్లో గాలి సంగతే ఉండేది. పోనుపోను చివర ఏదో ఒకటి తగిలించేవాడు. తలకు గుడ్డ కట్టుకో. నీళ్లు తాగినావా లేదా. మేడం పోయి హరిత వచ్చింది. ఆమె మాత్రం సార్ అనడం మానలేదు. ఆ సార్‌లో పొగరు తగ్గి తీపి పెరిగిన సంగతి కుళ్ళాయప్పకు కూడా తెలిసిపోయింది.

ఒక సాయంత్రం మిద్దె మీద ఇద్దరూ నిలబడి ఉంటే, కదిరి వైపు ఆకాశంలో మెరుపులు కనిపించాయి.

"అది మనకేనా సార్?"

"గాదు, కదిరోళ్లది."

"మనకు ఎప్పుడు?"

అతను ఆకాశం చూడటం మాని ఆమెను చూశాడు. హరిత నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఇంతలో పెద్ద బేరం తగిలింది. ఇనుము, సిమెంటు వ్యాపారి శ్రీరంగప్ప కూతురి పెళ్లి. హైస్కూలు గ్రౌండంతా షామియానా వేయాలి. ఆయన ఒకే షరతు పెట్టాడు. తిప్పేష్ సారు గాలి అన్నాడంటే మాత్రం మండపానికి పోతాం అన్నాడు. హరిత ఆ మాట తిప్పేష్‌కు చెప్పి, ఆ ఒక్క దినం గాలి గీలి అనొద్దు సార్, మీకు దండం పెడతా అని నవ్వింది.

నవ్వులాటకు అన్న మాట అది. అతను నవ్వలేదు.

పెళ్లికి రెండు రోజుల ముందు గ్రూపులో గొంతు వచ్చింది. "శుక్రవారం చిన్నపాటి గాలి ఉంటాది. భయపడే పని లేదు." శ్రీరంగప్ప నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు. హరిత గ్రౌండుకు సామాను తోలింది.

పెళ్లినాడు పొద్దుటి నుంచే ఎండ నిప్పులా ఉంది. గ్రౌండు మధ్యలో ఆచారం ప్రకారం నాలుగు గుంజల పచ్చాకు పందిరి వేశారు. దాని ఈశాన్య మూల గుంజే పెళ్లి రాట. పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కట్టారు. ఆ పందిరిని కూడా కప్పుతూ పైన హరిత షామియానా. తాళి కట్టడం అయింది. మొదటి బంతి భోజనాలు అయ్యాయి. రెండో బంతికి విస్తళ్లు వేస్తున్నారు. గుంజ గుంజకూ పోయి తాళ్లు లాగి చూసుకుంటున్న కూతుర్ని జయరాముడు ఒక కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మొహంలో గర్వం దాచుకోవడం ఆయనకు చేతకావడం లేదు.

అప్పుడు తిప్పేష్ బైకు మీద వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"షామియానా దించేయల్ల హరితా. పుట్టపర్తిలో రేకులు లేచిపోయినాయంట, ఇప్పుడే ఫోన్ వచ్చింది. అది ఇటే వస్తాండాది."

"చిన్న గాలి అన్నారు గదా సార్?"

అతను తల దించుకున్నాడు. "పెద్దదయ్యేట్లు మొన్ననే కనపడింది. రాకుండా కూడా పోవచ్చులే అనుకుని తగ్గించి చెప్పినా. నీ బేరం పోతాదని."

హరితకు తల మీద ఎవరో కొట్టినట్టయింది. కిందటిసారి నాయన కాలు. ఈసారి విస్తళ్ల ముందు కూర్చున్న ఇంతమంది పిల్లాజెల్లా.

"నిన్ను అబద్ధం చెప్పమని అడిగినానా?" అంది. మొదటిసారి నువ్వు అంది. "ఊరంతా నీ గొంతు నమ్మి బతుకుతాండాది. నేనూ నమ్మినా. నాకోసమని నన్నే మోసం చేస్తావా?"

ఆమెకు ఇంకా తిట్టే తీరిక లేదు. పైన ఆకాశం తెల్లగా మండుతోంది, ఒక్క మబ్బూ లేదు. ఇప్పుడు షామియానా దించి గాలి రాకపోతే, పెళ్లి చెడగొట్టిన పిల్ల అని జిల్లాలో ఇంకెవరూ పిలవరు. దించకుండా గాలి వస్తే, ఆ ఊహే ఆమెకు వద్దు. ఒక్కసారి నాయన వైపు చూసింది. పందిరి నీది అన్నట్టు ఆయన తల ఊపాడు.

"కుళ్ళాయప్పన్నా, పక్క గుడ్డలు విప్పు" అంది హరిత.

పెళ్లి అల్లకల్లోలమైంది. విస్తరి ముందు నుంచి లేపడం ఏమి పద్ధతని మగపెళ్లివాళ్లు మండిపడ్డారు. శ్రీరంగప్ప చేతులు జోడించి తిరుగుతున్నాడు. వీటన్నిటికంటే గట్టిగా ఆయన తల్లి సుశీలమ్మ వచ్చి హరితకు అడ్డం నిలబడింది.

"ఏమే పాపా, తాళి కట్టిన పందిరిని పిల్ల అత్తగారింటికి పోకముందే విప్పుతారా? ఎంత అపశకునం?"

"పందిరి అంటే రాట గదా అవ్వా" అంది హరిత. "రాట ఉంటాది, పచ్చాకు ఉంటాది, ఒక్క ఆకు గూడా ముట్టుకోను. ఈ పైనుండే గుడ్డ నాది. నా గుడ్డ నేను మడుచుకుంటాండా. నీ మనవరాలి రాటకు నాది పూచీ."

సుశీలమ్మ రాటను ఒకసారి చూసింది. తర్వాత కొంగు దోపుకుని, విస్తళ్లు బడి గదుల్లోకి మార్చండి అని తనే కేకలేయడం మొదలుపెట్టింది.

తిప్పేష్ ఎవరూ చెప్పకుండానే తాళ్ల దగ్గరికి పోయాడు. మూడుసార్లు విన్న పాఠం అక్కరకొచ్చింది. పక్క గుడ్డలు, తర్వాత పైగుడ్డ, తర్వాత పైపులు. నీడ పోయేసరికి ఎండ అందరి నెత్తిన పడింది. వాతావరణం సారూ, మబ్బు యాడ అని వరండాలో నుంచి ఎవరో అరిస్తే మిగతావాళ్లు నవ్వారు. హరిత తల ఎత్తలేదు. చివరి గుడ్డ మడిచి బండిలో వేయించింది.

అప్పుడు పడమటి వైపు ఎర్రగా దుమ్ము లేచింది. దాని వెనక నల్లగా ఆకాశం.

గాలి గ్రౌండు మీదికి వచ్చి పడింది. కుర్చీలు దొర్లాయి. స్వాగతం ఆర్చి ఊడి గోడ దాటి పోయింది. వరండాలో నవ్వినవాళ్లు నోళ్లు మూసుకుని పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. పచ్చాకు పందిరి ఊగింది, రాట పక్కకు ఒరిగింది. అవ్వకు ఇచ్చిన మాట గుర్తొచ్చి హరిత పరుగెత్తి రాటను రెండు చేతులా పట్టుకుంది. మరుక్షణం అటువైపు నుంచి ఇంకో రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి.

వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు, చల్లటి చినుకులు, నాలుగు నెలల తర్వాత మొదటి చినుకులు. పసుపు కరిగి ఇద్దరి చేతుల మీదా కారింది.

"రేపు గ్రూపులో నిజం చెప్తా" అన్నాడు తిప్పేష్ వానలో గట్టిగా. "తగ్గించి చెప్పినా అని ఊరందరికీ చెప్తా. నువ్వు మాత్రం నన్ను వదలొద్దు హరితా. నువ్వంటే నాకు ప్రాణం."

"ఇది తగ్గించి చెప్పినావా?"

"తగ్గించే చెప్పినా."

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. "ముందు రాట గట్టిగా పట్టుకో" అంది.

గాలి వచ్చినంత తొందరగానే పోయింది. ఊరు చల్లబడింది. బడి గదుల్లో బెంచీల మీద రెండో బంతి మొదలైంది. ఒక్కరికీ గీత కూడా పడలేదు, రాట నిలబడే ఉంది. కొత్త పెళ్లికూతురు వరండా దిగి వానలో తడుస్తూ గంతులేస్తే సుశీలమ్మ కూడా తిట్టలేదు. మగపెళ్లివాళ్లే వచ్చి, మా రెండో వాని పెండ్లికి గూడా నువ్వే రావల్ల పాపా అన్నారు. సుశీలమ్మ మాత్రం రాట దగ్గరున్న ఇద్దరి పసుపు చేతులనూ తేరిపార చూసి, జయరాముడి వైపు తిరిగి, ఈ పిల్లోళ్లకు సగం పెండ్లి అయిపోయిందప్పా, మిగిలింది నువ్వు చూసుకో అంది.

జయరాముడు కర్ర పొడుచుకుంటూ వానలోకే నడిచి వచ్చాడు. ముందు కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. సామాను అమ్మే మాట ఇంక ఎత్తనమ్మా అన్నాడు. తర్వాత తిప్పేష్‌ను పైనుంచి కిందికి చూశాడు.

"శ్రావణంలో మా పాప పెండ్లి చెయ్యల్లనుకుంటాండా. ఆ దినం వాన పడతాదా సారూ?"

అందరూ చెవులు రిక్కించారు. పడదు అంటే పిల్లనిచ్చేటట్టున్నాడు. తిప్పేష్ హరితను చూశాడు, ఆయన్ను చూశాడు.

"తెలీదు మామా" అన్నాడు. "అంత ముందుగా ఎవురూ చెప్పలేరు. రెండు దినాల ముందు అడగండి, ఉండేది ఉండేట్లు చెప్తా."

జయరాముడు పకపకా నవ్వాడు. రెండేళ్లలో ఆయన అట్లా నవ్వడం హరిత చూడలేదు. పిల్లోడు దారిలో పడినాడు, వీనికి పాపనివ్వచ్చు అని అక్కడున్న అందరికీ వినబడేట్టు అన్నాడు.

"మరి మండపం మాట్లాడల్లనా?" అన్నాడు శ్రీరంగప్ప.

"మండపమెందుకు?" అంది హరిత, జడ పిండుకుంటూ. "రెండు దినాల ముందు ఈయన నిజం చెప్తే సాలు. కట్టేదీ దించేదీ నేను చూసుకుంటా."